పెళ్లి మేకప్ నేర్చిన చెయ్యి, ఫ్యాషన్ షూట్ పని
(మేకప్ కోర్సు విద్యార్థుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకొచ్చేయండి. తెర మీద చూపించే ఫోటోల్లో బుగ్గ మీద నూగు కూడా కనబడాలి, అక్కణ్నుంచి కనబడదు.

మీలో చాలామందికి చెయ్యి తిరిగింది పెళ్లిళ్లలో. తెల్లవారుజామున మూడింటికి లేచి పెళ్లికూతుర్ని ముహూర్తానికి అందించే చెయ్యి అది. ఓపికకీ వేగానికీ దానికి లోటు లేదు. అయితే ఫ్యాషన్ షూట్‌కి వెళ్లగానే ఆ అలవాట్లే అడ్డం పడతాయి. ఛాయ రెండు మెట్లు పెంచేస్తాం, పౌడర్ దట్టంగా కొట్టేస్తాం, కళ్లూ పెదాలూ బుగ్గలూ అన్నీ ఒకేసారి మెరవాలని చూస్తాం. పెళ్లిలో అందరూ చూసేది ముఖం. ఫ్యాషన్ షూట్‌లో చూడాల్సింది బట్ట, ముఖం దానికి తోడు. ఇవాళ మాట్లాడేదంతా ఈ తేడా గురించే.

ఒక షూట్ ఊహించుకుందాం. డిజైన్ కోర్సు ఆఖరి ఏడాదిలో ఉన్న అమ్మాయి, మాదాపూర్‌లోని ఫ్యాషన్ కాలేజీ నిఫ్ట్ అనుకోండి, తేలియా రుమాల్ అనే చేనేత బట్టతో నాలుగు డ్రెస్సులు కుట్టింది. ఫోటోగ్రాఫర్ కూడా కొత్తవాడే. మోడల్ ఒక్కతే, చామనచాయ. ఎవరూ ఎవరికీ డబ్బివ్వరు, అందరికీ పోర్ట్‌ఫోలియోకి ఫోటోలొస్తాయి. మనవాళ్లు కొలాబ్ అంటారు, టీఎఫ్‌పీ (టైమ్ ఫర్ ప్రింట్) అంటారు. అందులో మేకప్ మీది.

మొదటి పని బ్రష్ పట్టడం కాదు, అడగడం. మూడ్‌బోర్డ్, అంటే ఎలాంటి లుక్ కావాలో చూపించే ఫోటోల కూర్పు, పంపించారు కదా అని ఊరుకోకండి. మూడ్‌బోర్డ్‌లో ఉండేవి ఎక్కువగా వేరే దేశపు ముఖాలు, వేరే లైటు, ఆ పైన గంటల కొద్దీ రీటచింగ్. అందులోంచి ఏది కావాలో డిజైనర్ నోటితో చెప్పించండి: చర్మం మెరుపా, కంటి గీతా, పెదవి రంగా? మూడూ అంటే ఒకటి ఎంచుకోమనండి. తర్వాత డ్రెస్సుల ఫోటోలు అడగండి. మెడ ఎంత కిందికుంది, చేతులున్నాయా లేవా, వీపు తెరిచి ఉందా? దాన్నిబట్టే ఫౌండేషన్ ఎక్కడిదాకా వెళ్లాలో తెలుస్తుంది. ఫోటోగ్రాఫర్ని లైటు సంగతి అడగండి. ఫ్లాషా, ఆగకుండా వెలిగే లైటా, ఎండా? వెలుగుని మెత్తగా పరిచే గుడ్డ పెట్టె, సాఫ్ట్‌బాక్సా, గిన్నెలా ఉండే బ్యూటీ డిష్షా? కలరా, బ్లాక్ అండ్ వైటా? ఇవి అడిగినందుకు ఎవరూ విసుక్కోరు, పైగా పని తెలిసిన మనిషే వస్తోందని ధీమాగా ఉంటారు.

మోడల్ దగ్గర మేకప్ లేని ఫోటో రెండు రకాలుగా తీయించుకోండి, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడాలి, గదిలో ట్యూబ్‌లైట్ ఆపేయాలి, మెడా ఛాతీ పైభాగమూ ఫ్రేములో ఉండాలి, ఫోనులో ఏ బ్యూటీ ఫిల్టరూ ఉండకూడదు. అలర్జీలున్నాయా, కంటికి లెన్స్ పెట్టుకుంటుందా, ఈ వారంలో ఫేషియల్ గానీ త్రెడింగ్ గానీ చేయించుకుందా అని కనుక్కోండి. ముందురోజు త్రెడింగ్ చేయించుకుంటే కనుబొమల చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంటుంది, బేస్, అంటే ఫౌండేషన్ పూత, అక్కడ అతుక్కోదు. ల్యాష్ గ్లూలో, అంటే పెట్టుడు కనురెప్ప వెంట్రుకలు అతికించే జిగురులో, లాటెక్స్ ఉంటే కనీసం 24 గంటల ముందు మోచేతి మడతలో చుక్క పెట్టి చూడాలి. షూట్ రోజు పొద్దున చేసే ప్యాచ్ టెస్ట్‌కి అర్థం లేదు.

ఇప్పుడు లైటు. స్టూడియో ఫ్లాష్ వెలుగు పగటి వెలుగుకి దగ్గరగా, సుమారు 5500 కెల్విన్ ఉంటుంది. కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుంది. మేకప్ గదిలో అద్దం చుట్టూ అందంగా పెట్టిన పసుపు బల్బులు 2700, 3000 దగ్గరుంటాయి. ఆ పసుపులో అన్ని ఫౌండేషన్లూ సరిపోయినట్టే ఉంటాయి. బ్లష్ చాలలేదనిపిస్తుంది, ఇంకో చెయ్యి వేస్తాం. ఫ్లాష్ పడగానే ఆ బుగ్గలు జాతరలో బొమ్మ బుగ్గలు. [నవ్వులు] అందుకని కిట్‌లో మీ సొంత ఎల్‌ఈడీ ప్యానెల్ ఒకటి పెట్టుకోండి. 5000 నుంచి 5600 కెల్విన్ మధ్యలో, డబ్బా మీద సీఆర్ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 95 పైన రాసి ఉన్నది. అది లేకపోతే కుర్చీ ఎత్తుకెళ్లి కిటికీ దగ్గర వేసుకోండి.

ఫ్లాష్‌తో ఇంకో చిక్కుంది. ముఖం తెల్లగా, పిండి చల్లినట్టు వస్తుంది. దీన్నే ఫ్లాష్‌బ్యాక్ అంటారు. సన్‌స్క్రీన్‌లో ఉండే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, రంగు లేని హెచ్‌డీ పౌడర్లలో ఉండే సిలికా వెలుగుని వెనక్కి కొట్టడం వల్ల వస్తుంది. కెమెరా నెత్తిన పెట్టిన ఫ్లాష్ నేరుగా ముఖాన పడితే బాగా బయటపడుతుంది, పక్కనుంచి సాఫ్ట్‌బాక్స్ వాడితే తగ్గుతుంది. చామనచాయ మీద మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కాబట్టి స్టూడియో రోజున మాయిశ్చరైజర్లోగానీ, ఫౌండేషన్‌కి ముందు రాసే ప్రైమర్లోగానీ, ఫౌండేషన్లోగానీ ఎస్‌పీఎఫ్, అంటే సన్‌స్క్రీన్, ఉందేమో డబ్బా తిప్పి చదవండి. కొత్త పౌడర్ కొంటే మీ చేతి వెనక రాసుకుని, గదిలో లైట్లార్పి, ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూడండి, అర నిమిషం పని. బయట ఎండలో షూట్ అయితే ఈ నియమం పనిచేయదు. అక్కడ సన్‌స్క్రీన్ రాయాల్సిందే, పిల్ల ఎండలో మాడిపోతుంది.

ఇక బేస్ దగ్గరకొద్దాం. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

ముఖం శుభ్రం చేసి మాయిశ్చరైజర్ రాశాక ఐదు నుంచి పది నిమిషాలు ఆగాలి. ఆ ఖాళీలో జుట్టు పనివాళ్లు పాయలు తీసుకోవచ్చు. పెదాలకి బామ్ ఇప్పుడే రాసేయండి, లిప్‌స్టిక్ వేళకి టిష్యూతో అద్దేస్తే సరి. క్రీమ్ ఇంకకముందే ఫౌండేషన్ వేస్తే బేస్ ఉండలు కడుతుంది, వేలితో తాకితే పెన్సిల్ రబ్బరు పొట్టులా రాలుతుంది. సిలికాన్ ప్రైమర్ మీద నీళ్ల ఆధారంగా చేసిన ఫౌండేషన్ వేసినా చాలాసార్లు అదే జరుగుతుంది. ఉండలు కట్టాక పైపైన సర్దుబాటు చేయాలని చూడకండి. ఆ భాగం తుడిచేసి మళ్లీ వేసుకోవడమే త్వరగా అయ్యే పని.

షేడ్ ఎలా చూడాలి? దవడ కింది అంచు నుంచి మెడ మీదకి మూడు గీతలు గీయండి, మీరనుకున్న షేడ్ ఒకటి, దానికంటే మెట్టు తక్కువ ఒకటి, మెట్టు ఎక్కువ ఒకటి. గీయగానే తేల్చేయకండి, ఐదారు నిమిషాలు ఆగండి. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలి ముదురుతాయి. మన ముఖాల్లో ఇంకో సంగతుంది. నుదురు, నోటి చుట్టూ ముదురుగా ఉంటాయి, బుగ్గల మధ్య లేతగా ఉంటుంది, మెడ ఇంకో రంగు. పెళ్లి అలవాటు చెయ్యిని లేత బుగ్గ దగ్గరికి లాక్కెళ్తుంది. షూట్‌లో మెడనీ ఛాతీనీ చూసి షేడ్ తేల్చాలి. మెడ లోతుగా ఉన్న డ్రెస్సులో ముఖం ఒక రంగు, ఛాతీ ఒక రంగు ఉంటే ఎవరో తల తెచ్చి అతికించినట్టుంటుంది. సరిపడే షేడ్ మీ కిట్‌లో లేకపోవడం మామూలే. లేతవి నాలుగుండి, ముదురుది ఒక్కటీ లేని కిట్లే మన దగ్గర ఎక్కువ. ముందు కొనాల్సింది ముదురు షేడ్లు. రెండు షేడ్లు ప్లేటు మీద కలుపుకోవడం ఎలాగూ వచ్చు కదా.

కంటి కింద నలుపుకి నారింజ రంగు కరెక్టర్. ఎంత? రెండు కళ్లకీ కలిపి బియ్యపు గింజంత. నలుపున్న చోటే ఉంగరపు వేలితో అద్దండి, బుగ్గ మీదకి దింపకండి. దాని మీద పల్చగా ఫౌండేషన్, అవసరమైతే ఫౌండేషన్ షేడ్‌లోనే కన్సీలర్. కరెక్టర్ లేకుండా నలుపు మీద నేరుగా లేత కన్సీలర్ పెడితే బూడిద రంగు తేలుతుంది. నీలం గోధుమ కలిసిన నలుపు మీద తెలుపు పల్చగా పూస్తే ఇంకే రంగొస్తుంది? గోడకి సున్నం వేసే ఎవర్నడిగినా చెప్తారు. ఇంకో పూత వేస్తే కప్పేస్తాం అనుకుంటారు, బూడిద మందం పెరుగుతుంది తప్ప పోదు.

ఫౌండేషన్ ముఖానికీ మెడకీ కలిపి సుమారు ఒక మిల్లీలీటరు చాలు. సగం పంపుతో మొదలుపెట్టండి, ముక్కు పక్కల, నోటి చుట్టూ ముందు, మిగిలింది బయటి అంచులకి. చెవులు మర్చిపోకండి. స్టూడియోలో ఏసీ చలికి చెవి తమ్మెలు ఎర్రబడతాయి, జుట్టు వెనక్కి దువ్వితే ఫోటోలో ముందు అవే కనబడతాయి. చేతులు ఫ్రేములో ఉంటే చేతుల మీదకీ లాగాలి.

ఈ ఫోటో చూడండి. [తెర మీద బుగ్గ దగ్గరి ఫోటో] పక్కనుంచి లైటు పడింది. బుగ్గ మీద తెల్లటి నూగు, ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. ఈ అమ్మాయికి నూగు ఎక్కువేమీ లేదు, దాని మీద పౌడర్ నిలబడింది, అంతే. అద్దంలో ఇది కనబడదు, ఫోటోని నూరు శాతానికి పెంచి చూస్తే కనబడుతుంది. దీన్ని తీయడానికి రీటచ్ చేసే మనిషికి పూట పడుతుంది, లేకపోతే బుగ్గని ప్లాస్టిక్‌లా నున్నగా చేసి వదిలేస్తారు, మీ పని మొత్తం పోతుంది. అందుకని పౌడర్ నుదురు మధ్యన, ముక్కు పక్కల, గడ్డం మీద మాత్రమే. పఫ్‌ని మడిచి, రుద్దకుండా, నొక్కి దొర్లించండి. బుగ్గ ఎముక మీద అసలొద్దు. వేసిన చోట కూడా మెత్తటి బ్రష్‌తో కిందివైపుకి, నూగు ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకి దులపండి.

కళ్లకి ముదురు రంగులు గానీ గ్లిట్టర్ గానీ ఉంటే బేస్‌కి ముందే కళ్లు పూర్తిచేయండి, రాలిన పొడి తుడిచేసి బేస్ వేసుకోవచ్చు. ల్యాష్ బయటి చివర కత్తిరించి కంటి కొలతకి తెచ్చుకోండి. లోపలి చివర కత్తిరిస్తే ఆకారం చెడుతుంది. గ్లూ రాశాక అర నిమిషం ఆగి, జిగురొచ్చాక పెట్టాలి. తడిగా పెడితే జారి కనురెప్పంతా తెల్లబడుతుంది. కాటుక సంగతి: నూనెతో చేసిన కాటుక లైట్ల వేడికి గంటలో కిందికి దిగుతుంది, జెల్ పెన్సిల్ నిలబడుతుంది. సుర్మా పేరుతో అమ్మేవాటిలో సీసం ఉండే అవకాశం ఉంది, ఇంకొకరి కంటికి అసలు పెట్టకండి.

రంగుల దగ్గర మళ్లీ బట్టకి రావాలి. తేలియా రుమాల్ అంటే పుట్టపాక, చీరాల వైపు పని, నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి చేస్తారు, పేరు ఆ నూనె వల్లే వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. గళ్లూ గీతలూ దట్టంగా ఉంటాయి. దాని పక్కన పెదాలకి ఎరుపు వేయాలని అందరికీ చెయ్యి లాగుతుంది. అది బట్ట ఎరుపుకి దగ్గరగా వచ్చి కలవకపోతే పొరపాటులా ఉంటుంది. అచ్చంగా కలిస్తే చూపు పెదవికీ బట్టకీ మధ్య ఊగుతుంది. నా ఓటు ఇటుక గోధుమ రంగుకి. ఎరుపు పెదవి కావాలంటే నలుపు తెలుపు ఎక్కువున్న ఒక్క డ్రెస్సుకి దాచండి, దాన్ని చివర్లో తీయించండి. ఎరుపు ఒకసారి వేశాక మరక పూర్తిగా పోదు, తర్వాత లేత రంగు పెదవి రాదు. మొత్తంగా వరస ఎప్పుడూ లేత నుంచి ముదురుకి.

బ్లాక్ అండ్ వైట్ అయితే రంగు పోయి వెలుగు చీకట్లే మిగులుతాయి. లేత బ్లష్ కనబడకుండా పోతుంది. మధ్యరకం గులాబీ, మధ్యరకం గోధుమ ఒకే బూడిద రంగుగా వస్తాయి. ఫోన్ కెమెరాని మోనోకి మార్చి మేకప్ చేస్తూ మధ్యమధ్య చూసుకోండి. చాలా పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ములో ఎరుపు నల్లగా వచ్చేది. ఇప్పుడు ఎరుపు ఎంత ముదురుగా రావాలో ఫోటోగ్రాఫర్ చేతిలో ఉంటుంది, అతన్నే అడగాలి.

టైము. మొదటి ఫోటో 11కి అనుకుంటే మోడల్ 8:30కల్లా కుర్చీలో ఉండాలి. చర్మం సిద్ధం చేయడానికి 15 నిమిషాలు, కళ్లకి 25, బేస్‌కి 30, పెదాలు, చివరి సర్దుబాట్లకి 10. జుట్టుకి 45. మిగతాది బట్ట మార్చడానికీ, టెస్ట్ షాట్‌కీ, ఎవరో ఒకరు ఆలస్యంగా రావడానికీ. లుక్ మార్పుకి 20 నిమిషాలు మించితే షూట్ కూలబడుతుంది. మోడల్ని ముందు గుండీలున్న చొక్కా వేసుకు రమ్మనండి. తలమీంచి తొడిగే డ్రెస్సయితే ముఖం మీద పల్చటి స్కార్ఫ్ కప్పి తొడిగించండి. తెల్ల అంచుకి ఫౌండేషన్ అంటితే రుద్దకండి, తడి వైప్స్ అసలు పెట్టకండి, పొడి టిష్యూతో పైకెత్తి, ఆగి, డిజైనర్ని పిలవండి. ఏ రంగు దిగుతుందో ఆ బట్ట కుట్టిన మనిషికే తెలుస్తుంది.

సెట్‌లో మీ చోటు లాప్‌టాప్ పక్కన. కెమెరాని దానికి కేబుల్‌తో కలిపి తీస్తుంటే ప్రతి ఫోటో అక్కడ పడుతుంది. మొదటి టెస్ట్ షాట్‌ని పెంచి చూపించమని అడగండి: దవడ గీత, పంటి మీద లిప్‌స్టిక్, ల్యాష్ లేచిన మూల, ముక్కు పక్కన మెరుపు. మెరుపుంటే ముందు టిష్యూ, తర్వాతే పౌడర్. చెమట మీద పౌడర్ కొడితే ముద్దవుతుంది. ఎర్ర బట్ట ఎర్రటి వెలుగుని గడ్డం కిందికి కొడుతుంది, చూసి ఫౌండేషన్ తప్పనుకుంటారు. బట్ట మీద తెల్ల కాగితం కప్పి ఇంకో టెస్ట్ తీయించండి. ఎరుపు పోతే తప్పు మీది కాదు, లైటుతో సర్దాల్సింది. ప్రతి క్లిక్‌కీ బ్రష్ పట్టుకుని పరుగెత్తకండి. మోడల్ ఊపందుకున్నప్పుడు ఆపితే ఆ ఊపు మళ్లీ రాదు. లోపలికెళ్లేముందు "టచప్" అని ఒక మాట అనండి.

శుభ్రత గురించి రెండు మాటలే, మీకు రోజూ చెప్పేవే. లిప్‌స్టిక్ స్పాచులాతో గీకి ప్లేటు మీదకి, మస్కారా వాండ్ (రాసే పుల్ల) ముంచిన ప్రతిసారీ కొత్తది. పొడి రంగుల మీద 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లండి. 99 శాతందైతే క్రిములు చచ్చేలోపే ఆవిరైపోతుంది. తెరిచిన మస్కారా మూడు నెలలకి పారేయండి. మోడల్ కన్ను ఎర్రగా ఉండి పుసి కడుతుంటే కంటి మేకప్ చేయనని చెప్పండి. షూట్ పోతే పోయింది.

ఇక కాగితం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకి కర్త ఫోటో తీసినవాడు. డబ్బు చేతులు మారని కొలాబ్‌లో హక్కు మామూలుగా అతని దగ్గరే ఉంటుంది. ముఖం మీద పని మీదైనా, ఆ ఫోటోని మీ ఇష్టమొచ్చినట్టు కత్తిరించి, ఫిల్టర్ వేసి పెట్టడానికి లేదు. అందుకని షూట్‌కి ముందే మెయిల్లో రాయించుకోండి. లుక్‌కి ఎన్ని ఎడిట్ చేసిన ఫోటోలు, ఏ తేదీకి, ఎవరు ఎక్కడ వాడొచ్చు, ఎవరి పేరు ఏ స్పెల్లింగుతో పడాలి, తర్వాత ఏదైనా బ్రాండ్ ప్రకటనకి అడిగితే ఏం చేయాలి. హక్కు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా, చోటు రాయకపోతే భారతదేశంగా తీసుకుంటుంది. పేరు పడటాన్ని చిన్నచూపు చూడకండి. మేకప్ ఆర్టిస్టు అన్న గుర్తింపే ఆడవాళ్లకి సులువుగా రాలేదు: సినిమాల్లో ఆడవాళ్లకి మేకప్ ఆర్టిస్టు సభ్యత్వ కార్డు ఇవ్వకుండా సంఘాలు పెట్టుకున్న నియమాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2014 నవంబర్లోనే.

ఖర్చు లెక్క కూడా రాయండి. 30 మిల్లీలీటర్ల ఫౌండేషన్ సీసా 1500 రూపాయలనుకోండి, వృథా పోగా పాతిక ముఖాలు వస్తాయి, ముఖానికి 60. ల్యాషెస్, స్పాంజ్, వాండ్లు, టిష్యూలు, ఆటో ఇలాగే కలపండి. ఆ మొత్తాన్ని కిట్ ఖర్చుగా అడగడంలో తప్పు లేదు. వాళ్లు ఇవ్వలేమంటే, ఎంత ఖర్చుకి ఎన్ని ఫోటోలొస్తున్నాయో తెలిసే మీరు ఒప్పుకుంటారు.

ప్రశ్నలేమైనా ఉన్నాయా?

[ఒక విద్యార్థిని: మేడం, మోడల్‌ని కొంచెం తెల్లగా చేయమని డిజైనరే అడిగితే?]

అడుగుతారమ్మా. వాదన పెట్టుకోకండి, ముఖం ఒక్కో సగానికి ఒక్కో టెస్ట్ షాట్ తీయించండి. సగం ముఖానికి మెడ షేడ్, సగానికి వాళ్లడిగిన షేడ్, మీద డ్రెస్సు ఉండాలి. లాప్‌టాప్‌లో పక్కపక్కన పెడితే తెల్ల సగం బట్టలోని తెలుపుతో పోటీపడి బూడిదగా కనబడుతుంది. చాలాసార్లు వాళ్లే వద్దంటారు. "ముఖం ఇంకా వెలగాలి" అన్నదే వాళ్ల ఉద్దేశమైతే, బుగ్గ ఎముక మీద క్రీమ్ హైలైటర్ ఒక పొర పెంచండి, లేదా లైటు కొంచెం దగ్గరికి జరపమని ఫోటోగ్రాఫర్ని అడగండి.

[ఇంకొకరు: రంగు లెన్స్ మమ్మల్నే పెట్టమంటే?]

పెట్టకండి. మోడల్ తన చేత్తో తనే, మేకప్‌కి ముందు, చేతులు కడుక్కుని పెట్టుకోవాలి. తీసేటప్పుడు వరస మారుతుంది: ముందు లెన్స్, తర్వాత రిమూవర్. నూనె రిమూవర్ లెన్స్ మీద పడితే కన్ను మసకబారి మండుతుంది. ల్యాష్ లాగి పీకకుండా, తడిపిన కాటన్ రెప్ప మీద అర నిమిషం ఉంచి, బయటి మూల నుంచి వదిలించండి. మోడల్‌ని ఆ మేకప్‌తోనే ఇంటికి పంపకండి, ముఖం శుభ్రం చేయడానికి పావుగంట కాల్ షీట్‌లోనే, అంటే షూట్ టైముల కాగితంలోనే, రాయించుకోండి.